లారీతో లెక్క ఒక్క పూటదేనా?

పత్తి వ్యాపారానికి రవాణాయే ఇరుసు.. ఒప్పందాలు మాత్రం నోటిమాటలే

ఆదోని: పత్తి సీజను వచ్చిందంటే ఆదోనిలో మొదట చర్చకు వచ్చేది క్వింటా ధర. ఆ తర్వాత తేమ శాతం, గింజ ధర. మార్కెట్ యార్డు మొదలు టీ కొట్టు దాకా ఈ మూడింటి చుట్టూనే మాటలు తిరుగుతాయి. జిన్నింగ్ మిల్లు గేటు దాటి బేళ్లను మోసుకుపోయే లారీ సంగతి మాత్రం ఆ చర్చలోకి రాదు. ఏ రోజు అవసరం ఆ రోజు బుకింగ్ కార్యాలయానికి ఫోను చేయడం, నలుగురిని అడిగి తక్కువ చెప్పినవారికి లోడు ఇవ్వడం, అంతటితో రవాణా పని ముగిసిందనుకోవడం పరిపాటి. సొంత లారీలు లేని మిల్లుకు సరకును దూరపు నూలు మిల్లుకు చేర్చే పని పూర్తిగా బయటివారి చేతిలోనే ఉంటుంది. ఆ బయటివారితో సంబంధం ఒక్క పూట బేరంగా మిగిలిపోతే వచ్చే నష్టాన్ని ఏ ఖాతా పుస్తకంలోనూ విడిగా రాయరు. అది బాడుగలో కొంత, బ్యాంకు వడ్డీలో కొంత, చివరకు రైతుకు చెప్పే పత్తి ధరలో కొంత కలిసిపోతుంది.

రైలు పోయి లారీ వచ్చె..

ఆదోని పత్తి పట్టణంగా ఎదగడానికి నేల ఎంత కారణమో దారి కూడా అంతే కారణం. పడమటి మండలాల నల్లరేగడి భూముల్లో పండిన పత్తిని పెద్ద విపణులకు చేర్చింది రైలు. బొంబాయి వైపు నుంచి వచ్చిన జీఐపీ రైల్వే, మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆ మార్గంపై గుంతకల్లుకు, రాయచూరుకు నడుమ ఆదోని నిలిచింది. జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, దలాలీ దుకాణాలు పెరిగి పట్టణానికి ‘రెండో బొంబాయి’ అన్న పేరు తెచ్చిపెట్టాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. వాటిలో ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. జిల్లా మారినా బళ్లారి, రాయచూరు ప్రాంతాలతో ఇచ్చిపుచ్చుకోవడం తెగలేదు. సరిహద్దు కర్ణాటక గ్రామాల పత్తి కూడా ఆదోని యార్డుకు రావడం పాత ఆనవాయితీ.

దూదిని తరలించే పనిలో రైలు స్థానాన్ని క్రమంగా లారీ ఆక్రమించింది. హగరి వద్ద మొదలయ్యే 167వ నంబరు జాతీయ రహదారి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ప్రాంతాల మీదుగా రాయచూరు వైపు సాగుతుంది. దూది బేళ్లు తమిళనాడు నూలు మిల్లులకు, గింజలు నూనె మిల్లులకు, గింజల చెక్క పాడి పశువుల దాణాకు తరలిపోయేది రోడ్డు మార్గానే. రైలు కాలంలో సరకుకు ఒక నిర్ణీత రేటు, ఒక రసీదు, జవాబుదారీగా ఒక సంస్థ ఉండేవి. లారీ విషయంలో అవేవీ స్థిరంగా లేవు. రేటు ఉదయం ఒకటి, సాయంత్రం మరొకటి. బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ప్రమాదం జరిగాక గానీ తలెత్తదు.

ఒక్క లోడు.. అయిదు వందల క్వింటాళ్లు

ఒక బేలు బరువు 170 కిలోలు. వంద బేళ్లను ఒక లోడుగా లెక్కించడం వ్యాపారంలో వాడుక. అంటే 17 టన్నులు. క్వింటా పత్తి నుంచి 34 కిలోల దూది వస్తుందనుకుంటే ఆ వంద బేళ్ల కోసం 500 క్వింటాళ్ల పత్తిని జిన్నింగ్ చేయాలి. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు రూ.8,110. ఆ లెక్కన ఒక్క లారీలోని దూది వెనుక రైతులకు చేరవలసిన సొమ్ము రూ.40 లక్షలు దాటుతుంది. ఎకరాకు ఆరేడు క్వింటాళ్ల దిగుబడి వేసుకున్నా అది డెబ్బయి, ఎనభై ఎకరాల పంట.

పత్తి కొనేటప్పుడు మిల్లు గుమాస్తా ప్రతి కుప్పలోనూ చేయి పెట్టి చూస్తాడు. తేమ కొలుస్తాడు, రంగు చూస్తాడు, పింజ లాగి చూస్తాడు. రెండు శాతం తేమ ఎక్కువైతే ధర కోస్తాడు. అదే పత్తి దూదిగా మారి లారీ ఎక్కేటప్పుడు ఆ జాగ్రత్తలో పదో వంతు కూడా కనిపించదు. టార్పాలిన్ చిరిగిందా, బండికి ఫిట్‌నెస్ ఉందా, బీమా గడువు తీరిందా, లారీ పంపినవారు నమోదిత రవాణాదారులా లేక ఫోను మీద పని నడిపే మధ్యవర్తులా అన్నది అడిగేవారు అరుదు. రైతు సరకుకు ఉన్న పరీక్ష రవాణాదారుకు లేకపోవడం వింతే.

నిలిచిన బండి.. కదిలే వడ్డీ

ఇదే కథను లారీ యజమాని వైపు నుంచి చూస్తే మరో రకంగా ఉంటుంది. చాలామందికి ఉండేది ఒకటి రెండు బండ్లే. ఫైనాన్సు కిస్తీ, బీమా, రోడ్డు పన్ను, టైర్ల అరుగుదల.. బండి తిరిగినా నిలిచినా వీటిలో చాలావరకు ఆగవు. ప్రెస్సింగ్ పూర్తికాక మిల్లు గేటు బయట ఒక పగలు, హమాలీలు దొరకక ఒక రాత్రి, అవతల నూలు మిల్లు వద్ద నాణ్యత పరీక్ష తేలేవరకు మరో రోజో రెండు రోజులో గడిచిపోతాయి. నెల కిస్తీ రూ.60 వేలు అనుకుంటే రోజుకు రూ.2 వేలు. డ్రైవరు, క్లీనరు భత్యం కింద మరో వెయ్యి వేసుకుంటే మూడు రోజుల నిలుపుదలకు రూ.9 వేలు. తిరుగు లోడు చేజారితే ఆ నష్టం దీనికి అదనం.

ఈ సొమ్మును లారీ యజమాని ఎక్కడో ఒకచోట రాబట్టుకోక తప్పదు. అదే మిల్లు నుంచి మళ్లీ పిలుపు వస్తే రెండు మూడు వేలు ఎక్కువ చెబుతాడు. లేదా బండి లేదంటాడు. ‘ఫలానా మిల్లు వద్ద బండి నిలుస్తుంది’ అన్న మాట డ్రైవర్ల మధ్య పాకడానికి ఎక్కువ కాలం పట్టదు. డిసెంబరులో బేళ్లు గుట్టలుగా పేరుకుపోయి అందరికీ ఒకేసారి లారీలు కావలసినప్పుడు ముందుగా బండ్లు దొరకనిది ఆ మిల్లుకే. మిల్లు యజమాని మాత్రం లారీలవారు ధరలు పెంచేశారని అంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరి మధ్య లేనిది కాగితం.

లోడింగుకు ఎన్ని గంటలు, అన్‌లోడింగుకు ఎన్ని గంటలు ఉచితం, ఆపై రోజుకు ఎంత హాల్టింగ్ అన్నది ముందే రాసుకుంటే ఈ తగాదాలో సగం తీరిపోతుంది. చెప్పిన వేళకు బండి రాకపోతే బాడుగలో ఎంత కోత అన్నది కూడా ఆ కాగితం మీదే ఉండాలి. షరతు ఒక వైపే ఉంటే దాన్ని ఒప్పందం అనలేం. డీజిల్ ధరకూ ఇదే సూత్రం. బాడుగలో పెద్ద వాటా డీజిల్‌దే. ఇటీవలి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ కంటే కర్ణాటకలో డీజిల్ చౌక కావడంతో సరిహద్దు దాటే లారీలు అవతలే ట్యాంకు నింపుకోవడం తెలిసిందే. ఏ బంకు ధర ప్రాతిపదికగా బాడుగ కట్టారు, లీటరుకు రెండు మూడు రూపాయలు అటూ ఇటూ అయితే బాడుగ ఎంత మారాలి అన్నది రాసుకుంటే ధర పెరిగిన ప్రతిసారీ కొత్త బేరం పెట్టుకోవలసిన పని ఉండదు.

అన్నింటికంటే చౌకైనది సమాచారం. వచ్చే వారం ఎన్ని లోడ్లు సిద్ధమవుతాయో మిల్లుకు తెలుసు. తమిళనాడు నుంచి ఎన్ని బండ్లు ఎప్పుడు తిరిగి వస్తున్నాయో రవాణాదారుకు తెలుసు. ఈ రెండూ ఒకరికొకరు చెప్పుకోవడానికి పైసా ఖర్చు లేదు. అయినా బేరంలో బలం తగ్గుతుందన్న అనుమానంతో ఇద్దరూ దాచుకుంటారు. దాచుకున్నందుకు ఫలితం ఒకరికి ఖాళీ బండి, మరొకరికి కదలని బేలు.

తక్కువ రేటు చేసిన చేటు

తక్కువ రేటు చూసి రవాణాదారును మార్చి చేతులు కాల్చుకున్నవారు పెద్ద ప్రపంచంలోనూ ఉన్నారు. బ్రిటన్‌లో కేఎఫ్‌సీ సంస్థ 2018 ఫిబ్రవరిలో ఎప్పటినుంచో సరకు చేరవేస్తున్న బిడ్‌వెస్ట్ సంస్థను వదిలి డీహెచ్ఎల్‌కు పని అప్పగించింది. కొత్త ఏర్పాటులో సరఫరా అంతా ప్రధానంగా ఒక్క గోదాముపైనే ఆధారపడింది. కోళ్లు గోదాములోనే ఉండిపోయాయి. దేశంలోని సుమారు 900 దుకాణాల్లో సగానికి పైగా మూతపడ్డాయి. మరుసటి నెలలోనే కొంత భాగాన్ని తిరిగి బిడ్‌వెస్ట్‌కు ఇవ్వవలసి వచ్చింది. కోడి మాంసానికీ దూది బేలుకూ పోలిక లేకపోవచ్చు. దారులు, గేట్లు, దించే వేళలు తెలిసిన పాతవారి అనుభవానికి రేటు పట్టికలో గడి ఉండదన్న సంగతి మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

అలాగని ఒక్కరికే అంతా అప్పగించాలని కాదు. ఏడాది ఒప్పందం రాసుకున్నాక బయట బాడుగ పడిపోతే తాము నష్టపోతామన్నది మిల్లుల అభ్యంతరం. అది కొట్టిపారేయదగినది కాదు. పత్తి ధరే వారం వారం మారే వ్యాపారంలో బాడుగను మాత్రం కట్టిపడేయమంటే ఎవరూ సమ్మతించరు. నికరంగా వచ్చే లోడ్లలో సగానికి పైగా ఇద్దరు ముగ్గురు స్థిరమైన రవాణాదారులకు ఇచ్చి, మిగిలినది రోజువారీ రేటుకు వదిలితే రెండు వైపులా రక్షణ ఉంటుంది. స్థిరమైనవారికి పని భరోసా, మిల్లుకు బయటి రేటు తెలిసే వీలు.

పది రెట్ల చట్టం

ఈ వ్యవహారంలో అత్యంత ప్రమాదకరమైనది కాగితాల పట్ల నిర్లక్ష్యం. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన రోడ్డు రవాణా సరకు చట్టం 2007 నాటిది. 2011లో నిబంధనలతో సహా అమలులోకి వచ్చింది. అద్దెకు సరకు సేకరించి పంపే ప్రతి సాధారణ రవాణాదారు నమోదు చేయించుకోవాలి. సొంత లారీ ఉన్నవారే రవాణాదారులన్నది అపోహ. బుకింగ్ సంస్థ, ఏజెంటు, బ్రోకరు కూడా ఈ నిర్వచనంలోకి వస్తారు. ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అన్న మాట ఎప్పుడూ చెల్లుతుందని అనుకోవడానికి లేదు.

మిల్లుకు కీలకమైనది నష్టపరిహారం పరిమితి. సరకు విలువను ముందే ప్రకటించి, అదనపు బాధ్యతకు అదనపు రేటు చెల్లించేందుకు ఒప్పుకొంటే తప్ప, సరకు పోయినా పాడైనా రవాణాదారు బాధ్యత సాధారణంగా బాడుగకు పది రెట్లకు మించదు. ఒక లెక్క వేసి చూస్తే దీని బరువు అర్థమవుతుంది. వ్యాపారంలో దూది ధర చెప్పే క్యాండీ 356 కిలోలు. క్యాండీ ధర రూ.55 వేలు అనుకుంటే 17 టన్నుల దూది విలువ సుమారు రూ.26 లక్షలు. బాడుగ రూ.40 వేలు అనుకుంటే పది రెట్లు రూ.4 లక్షలు. మధ్యలోని రూ.22 లక్షలకు దిక్కెవరు? లారీకి ఉన్న బీమా బండికీ, మూడో వ్యక్తికీ సంబంధించినది. లోపలి సరకుకు వేరుగా రవాణా బీమా ఉండాలి. అది లేకుండా బిల్టీ మీద ‘యజమాని బాధ్యతపై’ అని అచ్చువేసిన చోట సంతకం చేసి పంపే లోడు, నిప్పురవ్వ తగిలితే బుగ్గయ్యే సరకు కావడమే ఇక్కడి విషాదం. లూజు పత్తిని ఎత్తుగా నింపిన బండికి విద్యుత్తు తీగ తగిలితే చాలు.

ఆ ఎత్తుకూ చట్టంలో వెల ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక బరువుకు రూ.20 వేలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు రూ.2 వేలు జరిమానా. లోడు పక్కలకు, పైకి అనుమతికి మించి పొడుచుకు వచ్చినా రూ.20 వేలు. నడిపినవారే కాదు, నడిపించినవారు కూడా బాధ్యులే. ‘ఇంకో పది బేళ్లు వేయండి’ అని చెప్పిన గుమాస్తా మాట డ్రైవరు మెడకు చుట్టుకుంటే ఎవరు చెల్లించాలన్నది ఏ నోటి ఒప్పందంలోనూ ఉండదు.

ఈ-వే బిల్లుదీ ఇదే తీరు. అంతర్రాష్ట్ర రవాణాకు 2018 ఏప్రిల్ 1 నుంచి, ఆంధ్రప్రదేశ్ లోపలి రవాణాకు అదే నెల 15 నుంచి ఇది తప్పనిసరైంది. సరకు వివరాలు పంపేవారు నింపితే బండి నంబరు రవాణాదారు నింపడం సాధారణ పద్ధతి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. ఆదోని నుంచి 600 కిలోమీటర్లు దాటిన నూలు మిల్లుకు వెళ్లే బండికి నాలుగు రోజులు. బండి దారిలో చెడి సరకును మరో బండికి మార్చినా, గడువు తీరేలా ఉన్నా వెంటనే సవరించాలి. గడువు పొడిగింపునకు ముందు ఎనిమిది గంటలు, తర్వాత ఎనిమిది గంటలే వీలు. ఆ అర్ధరాత్రి ఫోను ఎత్తవలసింది మిల్లులో ఎవరు, బుకింగ్ కార్యాలయంలో ఎవరు? దూదిపై పన్ను 5 శాతం. రూ.26 లక్షల సరకుకు రూ.1.30 లక్షలు. బండిని పట్టుకుంటే, సరకు యజమాని ముందుకు వచ్చినా, జరిమానా పన్నుకు రెండింతల దాకా ఉంటుంది. అంటే రూ.2.60 లక్షలు. బేరంలో వెయ్యి రూపాయలు తగ్గించుకున్న ఆనందం ఎన్ని లోడ్లకు సరిపోతుందో లెక్క వేసుకోవచ్చు.

బ్యాలెన్సు కోసం చెప్పులరగాలా?

లోడింగు వేళ అడ్వాన్సు, సరకు దించి రసీదు తెచ్చాక బ్యాలెన్సు.. ఇదీ లారీ బాడుగ చెల్లింపు తీరు. పేచీ ఎప్పుడూ బ్యాలెన్సు దగ్గరే. అవతల తూకంలో తరుగు వచ్చిందని కొంత, రెండు బేళ్లు తడిశాయని కొంత కోసి మిగిలినది వారాల తర్వాత ఇవ్వడం జరుగుతుంటుంది. దూది తేమను పీల్చుకునే, వదిలే సరకు. రెండు కాటాల మధ్య కొద్ది తేడా సహజం. ఎంత శాతం దాకా తరుగు అంగీకారమో ముందే రాసుకుంటే ఆ పేచీకి తావుండదు.

ఆలస్యం ఇప్పుడు మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలి. మించితే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలవారీ చక్రవడ్డీతో. రవాణా సేవ కాబట్టి ఉద్యమ్‌లో నమోదైన లారీ యజమానికి ఈ రక్షణ వర్తిస్తుంది. దీనికి పన్నుల చట్టం పదును పెట్టింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనతో, గడువు దాటించి చెల్లింపు మరుసటి ఏడాదికి జారిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపుకొనే అవకాశం పోయింది. బాకీ పెట్టిన బాడుగపై మిల్లే పన్ను కట్టవలసి వస్తుందన్నమాట. కానీ ఉద్యమ్ నమోదు చేయించుకోని ఒంటి లారీ యజమానికి ఇవేవీ అక్కరకు రావు. నమోదు ఉచితమే. లారీ యజమానుల సంఘాలు సీజనుకు ముందు రెండు రోజులు కూర్చుంటే అయ్యే పని ఇది.

హమాలీ కూలి ఎవరిది?

బయటివారికి పని అప్పగించినప్పుడు చిన్నదిగా కనిపించే ఖర్చు దగ్గరే సంబంధం చెడుతుంది. ఇంటింటి రేషన్ వాహనాల అనుభవమే ఇందుకు సాక్ష్యం. రాష్ట్ర ప్రభుత్వం 2021 జనవరిలో 9,260 వాహనాలు ప్రవేశపెట్టి, వాటిని నడిపే పనిని నిర్వాహకులకు అప్పగించింది. మొదట నెలకు రూ.16 వేలు ఇస్తామన్నారు. బస్తాలు ఎత్తే సహాయకుడి కూలి, వాహన ఖర్చులు చాలడం లేదని తొలి రోజుల్లోనే నిర్వాహకులు మొర పెట్టుకోవడంతో ఫిబ్రవరిలోనే రూ.21 వేలకు పెంచవలసి వచ్చింది. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతిని నిలిపివేసి పంపిణీని తిరిగి చౌక ధరల దుకాణాలకు మళ్లించారు. పథకం మంచిచెడ్డలపై రాజకీయ వాదాలు ఎలా ఉన్నా, బస్తా ఎత్తేవాడి కూలిని లెక్కలో సరిగా వేయకుండా ఏర్పాటు మొదలైందన్నది స్పష్టం.

జిన్నింగ్ మిల్లుల వద్దా అదే చిక్కు. బేళ్లు ఎక్కించే హమాలీ కూలి మిల్లుదా, లారీదా, దించే చోట నూలు మిల్లుదా? తాడు, టార్పాలిన్ కట్టే కూలి, డ్రైవరు నుంచి అడిగే మామూలు ఎవరి ఖాతా? రూ.40 వేల బాడుగలో ఇవి చిన్న అంకెలే. అయితే డ్రైవరు జేబులోంచి పోయే అంకెలు కావడంతో అతడికి గుర్తుండిపోయేవి ఇవే.

ఎమ్మిగనూరు చూపిన బాట

ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరులో సమస్య రూపం వేరు. అక్కడ చేనేతకు కావలసింది పూర్తి లారీ కాదు, పార్సిలు. నూలు చిలపలు కొన్ని కట్టలుగా వస్తాయి. నేసిన బట్ట చిన్న మూటలుగా పోతుంది. చిన్న సరకుకు బేరమాడే బలం ఉండదు. పార్సిలు ఆలస్యమైతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఆ రోజు కూలి లేదు. నేత కార్మికులు ఎవరికి వారు పంపుకొనే మూటలను వారంలో రెండు రోజులు ఒకచోట చేర్చి, ఒకే పార్సిలు సంస్థతోనో ఆర్టీసీ కార్గోతోనో గంపగుత్త రేటు మాట్లాడుకుంటే ఆ బలం కొంత వస్తుంది.

ఇటువంటి కలయిక ఆ ఊరికి కొత్త కాదు. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం చేసింది సరిగ్గా అదే. ఎవరి ఇంటిలో వారు నేసే కార్మికులకు నూలు అందించి, బట్ట తీసుకొని, కూలి చెల్లించి, అమ్మకం బాధ్యత సంఘం తలకెత్తుకుంది. ఈ సేవలకు గుర్తింపుగా సోమప్పకు 1954లో పద్మశ్రీ లభించింది. సంఘం ఏ రోజుకారోజు తక్కువ కూలికి నేసేవారి కోసం వెతికి ఉంటే ఆ పేరు వచ్చేది కాదు. తన గోడల బయట పనిచేసేవారిని తనవారిగా లెక్కించడమే దాని బలం. చేనేత ఇప్పుడున్న ఇబ్బందులకు కారణాలు వేరే. కానీ బయటి పనివారితో ఏళ్ల తరబడి సంబంధం నిలుపుకోవడం ఈ ప్రాంతానికి తెలియని విద్య కాదని చెప్పడానికి ఆ సంఘం చరిత్ర చాలు.

రైతు బండీ ఈ లెక్కలోదే

రవాణా అంటే మిల్లు నుంచి బయటికి పోయేది మాత్రమే కాదు. ఊరి నుంచి యార్డుకు, యార్డు నుంచి మిల్లుకు పత్తి తెచ్చే ట్రాక్టరు, మినీ వ్యాను కూడా అద్దెవే. భారత పత్తి సంస్థ జిన్నింగ్ మిల్లుల్లోనే కొనుగోలు కేంద్రాలు నడపడంతో మిల్లు గేటు దగ్గరి వరుస నేరుగా రైతు సమస్య అయింది. 2025-26 సీజనులో ఆ సంస్థ ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చి ముందుగా స్లాటు తీసుకొని రమ్మంది. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 శాతం దాటితే కొనుగోలు లేదు. స్లాటు దొరికిన రోజు వాన పడితేనో, ముందున్న బండ్లు కదలకపోతేనో అద్దె వాహనం రాత్రంతా నిలుస్తుంది. ఆ నిలుపుదల బాడుగ రైతు నెత్తినే. మంచు కురిసే రాత్రి బయట నిలిచిన పత్తి తెల్లవారి తేమ కొలతలో మళ్లీ దెబ్బతింటుంది. దీని నుంచి తప్పించుకోవడానికి కొందరు గ్రామంలోనే తక్కువ ధరకు అమ్ముకుంటారు.

లోపలి బేళ్లు బయటికి కదలకపోతే మిల్లు ఆవరణలో పత్తి దించడానికి చోటుండదు. చోటు లేకపోతే కొనుగోలు ఆగుతుంది. గేటు లోపల నిలిచిన లారీకీ, గేటు బయట నిలిచిన ట్రాక్టరుకూ ముడి అక్కడే ఉంది. లారీల రాకపోకల వేళలను స్లాట్లతో జత చేసుకున్న మిల్లు వద్ద రెండు వరుసలూ తగ్గుతాయి. ఇందుకు యాప్ ఒక్కటే చాలదు. మిల్లు గుమాస్తా, బుకింగ్ ఏజెంటు, హమాలీ మేస్త్రీ ముగ్గురూ ప్రతి సాయంత్రం మరుసటి రోజు బండ్ల సంఖ్య చెప్పుకోవాలి.

మార్కెట్ కమిటీకి ఇందులో పాత్ర లేకపోలేదు. లోడింగు గడువు, హాల్టింగ్, హమాలీ, తరుగు, డీజిల్ సర్దుబాటు, సరకు విలువ ప్రకటన.. వీటన్నింటితో రెండు పుటల నమూనా ఒప్పందం తెలుగులో, కన్నడలో అచ్చువేసి మిల్లులకు, బుకింగ్ కార్యాలయాలకు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. తగాదా వస్తే ముందు కూర్చోబెట్టే ఒక చిన్న సంఘం అవసరం. కోర్టుకు పోవలసి వచ్చినా బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రవాణాదారుకు నోటీసు ఇచ్చి ఉండాలని చట్టం చెబుతోంది. సీజను హడావిడిలో ఆ తేదీ దాటిపోయిన తర్వాత బిల్టీలు వెతుక్కున్నా ప్రయోజనం లేదు.

అక్టోబరులో కొత్త పత్తి యార్డుకు వచ్చేసరికి బాడుగలు వేడెక్కి ఉంటాయి. అప్పుడు ఎవరూ కూర్చొని మాట్లాడరు. బండ్లకు పని తక్కువగా ఉండి, మిల్లులు మరమ్మతుల్లో ఉండే జులై, ఆగస్టు నెలలే ఈ కాగితం రాసుకోవడానికి అనువైన కాలం.